సరూర్‌నగర్ గాలిలో దక్కన్ రేడియో

దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు దగ్గర ఎవరినైనా ఆపి రేడియో స్టేషన్ ఎక్కడని అడగండి. సైఫాబాద్ వెళ్లమంటారు. అసెంబ్లీ దగ్గర ఆకాశవాణి, అందరికీ తెలిసిన గుర్తే. 1939లో ఇదే మాట అడిగి ఉంటే జవాబు రెండు ముక్కలుగా వచ్చేది. మాట్లాడే చోటు ఖైరతాబాద్‌లోని యావర్ మంజిల్. ఆ మాటను గాల్లోకి వదిలే చోటు సరూర్‌నగర్. నిజాం ప్రభుత్వం తన 5 కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌ను అక్కడ పెట్టింది. దాని నంబరు 730 కిలోహెర్ట్జ్. ఆ రోజుల్లో కిలోహెర్ట్జ్ అనేవారు కాదు, 411 మీటర్లు అనేవారు.

అప్పటికి ఎల్.బి. నగర్ అన్న పేరు పుట్టలేదు. ఆ పేరులో ఉన్న లాల్ బహదూర్ శాస్త్రి ఇంకా స్వాతంత్ర్య పోరాటంలో జైళ్లకు తిరుగుతున్న కార్యకర్త. చైతన్యపురి, వనస్థలిపురం కాలనీల జాడ లేదు. నగరం మలక్‌పేట గుర్రప్పందేల మైదానం దగ్గరికి వచ్చేసరికే పలచబడిపోయేది. సరూర్‌నగర్‌లో మాత్రం 1626 నాటి చెరువు ఉంది, విక్టోరియా రాణి పేరు మీద పెట్టిన అనాథాశ్రమం ఉంది. ఇప్పుడు మెట్రోలో ఎల్.బి. నగర్ తర్వాత వచ్చే స్టేషన్‌కు విక్టోరియా మెమోరియల్ అన్న పేరు ఆ ఆశ్రమం నుంచే వచ్చింది. రేడియో పేరు మీద ఈ వైపు ఒక్క మెట్రో స్టేషన్ లేదు. టెలివిజన్ ఆ మేరకు అదృష్టం చేసుకుంది, మూసారాంబాగ్‌లో టీవీ టవర్ అని బస్టాపు అయినా మిగిలింది.

కథ మొదలైంది మాత్రం సరూర్‌నగర్‌లో కాదు. అబిడ్స్ పక్కన చిరాగ్ అలీ లేన్‌లో. 1930ల తొలి ఏళ్లలో మహబూబ్ అలీ అనే ఆయన ఆ గల్లీలో 200 వాట్ల ట్రాన్స్‌మిటర్ పెట్టి ప్రసారాలు నడిపాడు. 200 వాట్లంటే పాతకాలపు పెద్ద బల్బులు రెండు. మన వంటింట్లో పచ్చడి నూరే మిక్సీ అంతకు రెండింతలకు పైగా కరెంటు తింటుంది. అంత చిన్న యంత్రంతో ఒక మనిషి తన గొంతును ఊరందరి ఇళ్లలోకి పంపగలిగాడు. ఇందులో మాయ లేదు. రేడియో యంత్రం ఎప్పుడూ మనం అనుకున్నంత పెద్దది కాదు. పెద్దది అనుమతి. ఈ కథంతా చదివేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

1935 ఫిబ్రవరి 3న నిజాం ప్రభుత్వం ఆ స్టేషన్‌ను తన చేతిలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియో. నిజాం రేడియో అని కూడా పిలిచేవారు. ఆలిండియా రేడియో అన్న పేరు వచ్చింది 1936 జూన్ 8న. అంటే ఆ పేరు కంటే మన ఊరి రేడియో పదహారు నెలలు పెద్దది.

హైదరాబాద్‌లో జరిగింది ఒక్క హైదరాబాద్ కథ కాదు. మద్రాసులో 1924లో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో రేడియో క్లబ్బు పుట్టింది, 40 వాట్ల యంత్రంతో ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక మూడేళ్లకే మూతపడింది. మైసూరులో ఎం.వి. గోపాలస్వామి అనే సైకాలజీ ప్రొఫెసరు 1935 సెప్టెంబర్ 10న తన ఇంట్లోనే స్టేషన్ తెరిచాడు. దానికి పెట్టిన పేరు ఆకాశవాణి. ఆయన చేతి ఖర్చుతో కొన్నేళ్లు నడిచాక మైసూరు సంస్థానం తీసుకుంది. చివరికి ఆ ఇంటి పేరు దేశం మొత్తానికి పెట్టిన పేరయింది. ఎవరో ఒకరు మోజు కొద్దీ మొదలుపెట్టడం, ఖర్చుకు తట్టుకోలేకపోవడం, రాజు గారో సర్కారో వచ్చి తీసుకోవడం, మూడు ఊళ్లలోనూ దాదాపు ఇదే వరస. మద్రాసులో తీసుకునే చెయ్యి కాస్త ఆలస్యంగా వచ్చింది, అంతే తేడా.

ఇక సరూర్‌నగర్ ఎందుకు? ఇది కాస్త నిదానంగా చెప్పుకోవలసిన సంగతి.

రేడియో అల కాంతి వేగంతోనే పోతుంది, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. 730 కిలోహెర్ట్జ్ అంటే ఆ అల సెకనుకు 7,30,000 సార్లు ఊగుతుందని. ఒక్క ఊపు పూర్తయ్యేలోగా అల 411 మీటర్లు ముందుకు పోతుంది. ఆ 411 మీటర్లంటే అదే. ఇంత పొడుగు అలను గాల్లోకి వదలాలంటే దానికి తగ్గ కడ్డీ కావాలి. సన్నాయి సంగతి తీసుకోండి. పెళ్లిలో వాయించే పెద్ద నాదస్వరం స్వరం కిందుగా ఉంటుంది. గుళ్లో వాయించే పొట్టి ముఖవీణ స్వరం పైకి ఉంటుంది. గొట్టం పొడుగును బట్టి స్వరం. రేడియో టవర్‌కూ అదే లెక్క. అలలో నాలుగో వంతు ఎత్తు ఉంటే టవర్ హాయిగా పలుకుతుంది. 411 మీటర్లలో నాలుగో వంతు సుమారు 103 మీటర్లు. పొట్టి టవర్‌తోనూ పని నడుస్తుంది గానీ పోసిన కరెంటులో చాలా భాగం వేడిగా వృథా అవుతుంది. ఇంత ఎత్తు టవర్‌ను నిలబెట్టి, నాలుగు వైపులా తీగలతో లాగి కట్టాలంటే చిరాగ్ అలీ లేన్‌లో జాగా ఎక్కడిది?

టవర్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. మీడియం వేవ్‌కు నేల కూడా కావాలి. చెట్టుకు పైన ఎంత కొమ్మలుంటాయో కింద అంత వేళ్లుంటాయి కదా, అలాగే ఈ టవర్ మొదట్లోంచి రాగి తీగలు చుట్టూ భూమిలో పరుస్తారు. ఆ నేల తడిగా ఉంటే కరెంటుకు దారి సులువు. పాత రేడియోలు ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ సంగతి విప్పి చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో పెద్ద రేడియో వెనక నుంచి ఒక తీగ గోడ దాటి పెరట్లోకి పోయేది. అక్కడ గుంత తవ్వి, ఉప్పు, బొగ్గు వేసి, మధ్యలో ఇనుప పైపు పాతి ఉంచారు. దాన్ని ఎర్త్ అనేవారు. ఎండాకాలం రేడియో గరగరమంటే నాన్న మమ్మల్ని ఒక చెంబెడు నీళ్లు ఎర్త్‌లో పోసి రమ్మనేవాడు. పోసి వచ్చేసరికి గొంతు తేటపడేది. రేడియోకు దాహం వేసిందని మేం నిజంగానే నమ్మాం. ఆ చెంబెడు నీళ్ల పనిని ఒక పెద్ద ట్రాన్స్‌మిటర్‌కు చేసిపెట్టాలంటే చెరువు పక్క నేల కంటే మంచి చోటేముంది? ఊరికి ఆనుకుని, ఖాళీగా, తడిగా ఉన్న జాగా. 1939 నాటి సరూర్‌నగర్‌కు ఈ మూడు గుణాలూ ఉన్నాయి. ఖైరతాబాద్ స్టూడియోలో పలికిన మాట తీగ మీద నగరం దాటి తూర్పుకు వచ్చి, ఇక్కడ అలగా మారేది.

శక్తి లెక్క కూడా ఒకసారి చూద్దాం. 200 వాట్ల నుంచి 5,000 వాట్లకు వెళ్లడమంటే 25 రెట్లు. మరి వినబడే దూరం కూడా 25 రెట్లు పెరిగిందా? పెరగదు. మహా అయితే 5 రెట్లు, అదీ నేల సహకరిస్తేనే. పగటి సంగతి ఇది. రాత్రయితే లెక్క మారుతుంది. మీడియం వేవ్‌ను పగలు మింగేసే పై గాలి పొర సూర్యుడు పోగానే పలచబడుతుంది. అల ఇంకా పైకి పోయి, అక్కడ తగిలి, వందల కిలోమీటర్ల అవతల దిగుతుంది. మన పెద్దలు రాత్రిళ్లు సిలోన్ స్టేషన్ పట్టుకుని పాటలు విన్నది కూడా పై గాలి చలవతోనే, ఆ స్టేషన్ వాడినది షార్ట్ వేవ్ అయినా సరే.

మీ ఇంట్లో మీడియం వేవ్ పట్టే చిన్న రేడియో మిగిలి ఉంటే ఒక పని చేసి చూడండి. లేకపోతే కోఠీ గుజరాతీ గల్లీలో అడగండి. నేను మొన్న అక్కడే ఒకటి కొన్నాను. దుకాణం అబ్బాయి, "అంకుల్, బ్లూటూత్ ఉన్నది తీస్కోండి, దీంట్ల ఏం వస్తది" అని నా మీద జాలిపడ్డాడు. రాత్రి ఏదో ఒక మీడియం వేవ్ స్టేషన్ పట్టుకుని, సెట్టును అరచేతిలో పెట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పండి. ఒక దిక్కులో గొంతు బలంగా ఉంటుంది. ఇంకొంచెం తిప్పితే సన్నగిల్లి, ఒకచోట దాదాపు మాయమవుతుంది. లోపల రాగి తీగ చుట్టిన నల్ల కడ్డీ ఒకటి ఉంది. అది ట్రాన్స్‌మిటర్ వైపు మొన చూపించినప్పుడు వినదు, అడ్డంగా పడుకున్నప్పుడు వింటుంది. గొంతు మాయమైన క్షణంలో ఆ కడ్డీ చూపే గీత మీదే ఎక్కడో టవర్ ఉందన్నమాట. ఇంత చేసినా మెట్రో లైనుకు దగ్గరగా ఉంటే, ఫోను ఛార్జర్ పక్కనే ఉంటే, మీకు దొరికేది గరగర మాత్రమే. అది రేడియో తప్పు కాదు.

730 అన్న నంబరు గురించి ఒక చిన్న మాట. తర్వాత రోజుల్లో హైదరాబాద్ 'ఎ' కేంద్రం నంబరుగా మనం బట్టీ పట్టింది 738. ఎక్కువ స్టేషన్లు ఒకదానితో ఒకటి తగువు పడకుండా ఇరుకులో సర్దుకోవడానికి 1975లో జెనీవాలో దేశాలు ఒక ఒప్పందానికి వచ్చాయి. 1978 నవంబర్ 23 నుంచి మన ప్రాంతంలో మీడియం వేవ్ నంబర్లన్నీ 9తో భాగించబడాలి. 730ని భాగించి చూడండి, ఒకటి మిగులుతుంది. 738లో 9 సరిగ్గా 82 సార్లు పోతుంది.

యంత్రం సంగతి అయింది. మరి ఆ యంత్రం ఏ భాషలో మాట్లాడింది? ప్రధానంగా ఉర్దూలో. సంస్థానం జనాభాలో దాదాపు సగం తెలుగువాళ్లు, తర్వాత మరాఠీ, కన్నడం వాళ్లు. వీళ్లందరికీ కొంత కొంత సమయం ఇచ్చారు. పెద్ద పీట మాత్రం దర్బారు భాషది. సరూర్‌నగర్ చుట్టుపక్కల పొలం గట్ల మీద వినబడే భాషకూ, పక్కనే టవర్ మీంచి పోతున్న భాషకూ పొంతన లేదు. అయితే ఉర్దూ ప్రసారాల నాణ్యతను తక్కువ చేయడం న్యాయం కాదు. గజల్, ముషాయిరా, నాటకం అక్కడ బాగా పండాయి. ఆకాశవాణి హైదరాబాద్‌లో ఎన్నో ఏళ్లు నడిచిన నైరంగ్ కార్యక్రమాన్ని విన్నవాళ్లకు ఆ రుచి తెలుసు. నిజాం రాజ్యానికి ఔరంగాబాద్‌లోనూ ఒక స్టేషన్ ఉండేది. 1947 నాటికి దేశంలో సంస్థానాల చేతిలో ఉన్న స్టేషన్లు ఐదే: మైసూరు, బరోడా, తిరువనంతపురం, హైదరాబాద్, ఔరంగాబాద్. అందులో రెండు నిజాంవి.

చేతిలో స్టేషన్ ఉంటే ఏమవుతుందో 1948 సెప్టెంబర్‌లో తెలిసింది. 13న భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టింది. ప్రధాన దళం షోలాపూర్ వైపు నుంచి, ఇంకొకటి బెజవాడ వైపు నుంచి సూర్యాపేట మీదుగా. ఇవాళ ఎల్.బి. నగర్ దగ్గర విజయవాడ బస్సులు ఎక్కే రోడ్డే అది. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ దక్కన్ రేడియోలో మాట్లాడాడు. లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసిందని, తన సైన్యాన్ని కాల్పులు ఆపమన్నానని, రజాకార్లను నిషేధించానని ఆ ప్రసంగంలో చెప్పాడు. దాని వెనక భారత ప్రభుత్వ ఏజెంటు కె.ఎం. మున్షీ చెయ్యి ఉంది. పదమూడేళ్లు ప్రభువు మాటే మోసిన రేడియో, ప్రభువు లొంగిపోయిన మాటను కూడా అదే విధేయతతో మోసింది. యంత్రానికి పక్షం ఉండదు, మీట నొక్కే చేతికే ఉంటుంది.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆలిండియా రేడియోలో కలిసింది. అప్పటికే 1948 డిసెంబర్ 1న విజయవాడలో తెలుగు కేంద్రం మొదలైంది. 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక హైదరాబాద్‌లో తెలుగుకు అసలైన చోటు దక్కింది. మద్రాసులో పిల్లల కార్యక్రమాలతో పేరు తెచ్చుకున్న రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి ఇక్కడికి వచ్చారు. బాలానందం, కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం కబుర్లు, పాడిపంటలు, ఇవన్నీ ఆ తర్వాతి సంపద. దాన్ని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను ముందుకు పోతాను.

నా దృష్టిలో అసలు మలుపు 1995. అప్పటిదాకా గాలి కూడా సర్కారుదే. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అలా చెప్పింది. వినడానికి కూడా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు పుస్తకం తెచ్చుకోవలసిన రోజులు 1980ల దాకా ఉన్నాయి. పుస్తకం లేకుండా రేడియో ఉందని తెలిస్తే జరిమానా. ఇక మాట్లాడే సంగతి చెప్పేదేముంది. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తగువు రేడియోది కూడా కాదు, క్రికెట్‌ది. 1993 హీరో కప్పు మ్యాచ్‌లను ఎవరు చూపించాలన్న దాని మీద బెంగాల్ క్రికెట్ సంఘం, ప్రభుత్వం కోర్టుకెక్కాయి. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్న బెంచి, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. క్రికెట్ వల్ల దేశానికి జరిగిన మేలు ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ తీర్పు చూపిస్తాను.

ఆ తీర్పును మొదట్లోనే సీరియస్‌గా పట్టించుకున్నది యూనివర్సిటీలు కావు, జహీరాబాద్ దగ్గరి పల్లెల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు. 1998 నాటికే మాచ్‌నూర్‌లో యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకున్నారు. లైసెన్సు రాలేదు. పదేళ్లు రాలేదు. ఊరికే కూర్చోలేదు వాళ్లు, విత్తనాల గురించి, వైద్యం గురించి, పాటలు, ముచ్చట్లు క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వేసి వినిపించారు. 2000లో వాళ్ల పస్తాపూర్ పేరు మీదే కమ్యూనిటీ రేడియో కావాలన్న ప్రకటన వెలువడింది. 2006 నవంబర్‌లో కేంద్రం నిబంధనలు మార్చింది. 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. ప్రారంభించింది ఎవరనుకున్నారు? 1995 తీర్పు రాసిన పి.బి. సావంతే. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు స్టేషన్ నడిపారు. సాయంత్రం 7 నుంచి 9 దాకా, పొలం పని అయ్యాక, వాళ్ల యాసలో.

చిరాగ్ అలీ లేన్‌లో ఒక మనిషి మొదలుపెట్టిన పని మళ్లీ మామూలు మనుషుల చేతికి రావడానికి 70 ఏళ్లకు పైగా పట్టింది. యంత్రం ఈలోగా ఇంకా చిన్నదయింది. 90.4 మెగాహెర్ట్జ్ అల పొడుగు 3.3 మీటర్లు, దానిలో నాలుగో వంతు 83 సెంటీమీటర్లు. 103 మీటర్ల టవర్‌తో చేసే పని చేతికర్ర అంత కడ్డీ చేస్తుంది. దానికి తడి నేల అక్కర్లేదు, ఎత్తు కావాలి. ఎఫ్.ఎం. అల నేలను అంటిపెట్టుకుని పోదు, చూపు మేర పోతుంది. అపార్ట్‌మెంటు అడ్డొస్తే బలహీనపడుతుంది.

కమ్యూనిటీ రేడియోకు నిబంధనలు ఇచ్చే శక్తి 100 వాట్లు, టవర్ ఎత్తు 30 మీటర్లు. కొత్తపేటలో అలాంటిది పెడితే దాదాపు 10 కిలోమీటర్లు, అంటే ఇటు హయత్‌నగర్, అటు ఉప్పల్, సైదాబాద్ దాకా అందుతుంది. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణి వార్తలు ఉన్నవి ఉన్నట్టు వేసుకోవచ్చు. కానీ ట్రాఫిక్, వాతావరణం, కరెంటు, నీళ్లు, పరీక్షలు, అడ్మిషన్లు, ఉద్యోగ ప్రకటనలు వార్తల కిందికి రావు, ఎంతైనా చెప్పొచ్చు. గ్రూప్స్‌కూ, పోలీసు ఉద్యోగాలకూ చదువుతూ హాస్టళ్లలో ఇరుక్కుని ఉండే పిల్లలతో నిండిన దిల్‌సుఖ్‌నగర్‌కు ఈ జాబితా కొలిచి రాసినట్టు లేదూ?

2020 అక్టోబర్ వానల్లో సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరామ్ నగర్ లాంటి కాలనీల్లో నీళ్లు నిలిచిన రోజులు ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. కరెంటు పోతే మొదట చచ్చేది ఫోను. రెండు పెన్సిల్ సెల్స్ వేసిన రేడియో వారం బతుకుతుంది. ఏ రోడ్డు మీద నీళ్లున్నాయో, పాల ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతున్నాయో, పడవ ఏ గల్లీకి వస్తుందో ఢిల్లీ నుంచో, సైఫాబాద్ నుంచో ఎవరూ చెప్పరు. చెప్పాలంటే ఇక్కడే ఒక గొంతు ఉండాలి.

వ్యక్తులకు, రాజకీయ పార్టీలకు కమ్యూనిటీ రేడియో అనుమతి ఇవ్వరు. విద్యాసంస్థలకు, కృషి విజ్ఞాన కేంద్రాలకు, కనీసం మూడేళ్లు పనిచేసిన స్వచ్ఛంద సంస్థలకు ఇస్తారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి. నగర్ దాకా కాలేజీలకు కొదవ లేదు. మీరు వాటిలో ఒకదాన్ని నడిపేవారైతే, పాఠాలు చెప్పేవారైతే, దరఖాస్తుకు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. సమాచార ప్రసార శాఖ బ్రాడ్‌కాస్ట్ సేవా పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు.